పాత ఫ్లాపీల్లో ఇరుక్కున్న తెలుగు రాతల్ని బయటికి తీయడం

1990ల్లోనూ 2000ల మొదట్లోనూ తెలుగులో పుస్తకమైనా, చిన్న పత్రికైనా, కరపత్రమైనా అచ్చుకు వెళ్లే దారి దాదాపు ఒకటే. డీటీపీ సెంటర్లో పేజీలు కూర్చే పేజ్‌మేకర్ అనే సాఫ్ట్‌వేర్‌లో టైపు చేసి, ప్రూఫులు దిద్ది, 3.5 అంగుళాల ఫ్లాపీలోకి ఎక్కించి ప్రెస్సుకు పంపేవారు. ఆ ఫ్లాపీలు ఇంకా చాలా ఇళ్లలో ఉన్నాయి. రచయితల బీరువాల్లో, మూతపడిన పత్రికల అట్టపెట్టెల్లో రబ్బరు బ్యాండు కట్టి పడి ఉన్నాయి. లేబుల్ మీద బాల్‌పెన్నుతో ‘నవల 3/7 ఫైనల్’ అని రాసి ఉంటుంది. అచ్చయిన పుస్తకం పోయినా, కంప్యూటర్ పాతసామాన్లవాడికి వెళ్లిపోయినా, ఆ రాత మాత్రం అక్కడ మిగిలి ఉండవచ్చు.

దాన్ని బయటికి తీయడంలో రెండు పనులున్నాయి. డిస్కు మీది బైట్లను ఒక్కటి కూడా చెడకుండా హార్డ్‌డిస్కులోకి తేవడం మొదటిది. ఆ బైట్లను ఇవాళ్టి ఫోన్లో చదవగలిగే యూనికోడ్ తెలుగుగా మార్చడం రెండోది. మొదటిది చేసి ఆగిపోయేవాళ్లే ఎక్కువ. ఫైలు తెరిస్తే ఇంగ్లిషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా కనపడతాయి. ‘పాడైపోయింది’ అనుకుని పక్కన పెట్టేస్తారు. అందులో చాలా ఫైళ్లు పాడవలేదు, వాటి ఫాంటు మన దగ్గర లేదు, అంతే.

డ్రైవులో పెట్టకముందు

ఫ్లాపీ చేతికి రాగానే ముందు దాని మూలనున్న చిన్న ప్లాస్టిక్ జరుపుడు ముక్కను చూడండి. దాని కింది కన్నం తెరిచి ఉంటే డిస్కు మీద రాయడం కుదరదు. మూసి ఉంటే రాయవచ్చు. కాబట్టి కన్నం తెరిచి పెట్టండి. చదవడానికే కదా పెడుతున్నాం అనుకోవద్దు, ఆపరేటింగ్ సిస్టమ్‌లు అడక్కుండానే రాస్తాయి. విండోస్ 95, 98 అయితే రాయగలిగిన ఫ్లాపీ పెట్టగానే దాని బూట్ సెక్టార్‌లో (డిస్కు మీది మొట్టమొదటి 512 బైట్ల ముక్కలో) తయారీదారు పేరుండే చోట తమ గుర్తు రాసేసేవి. 5.25 అంగుళాల ఫ్లాపీలో ఇది తిరగబడుతుంది: పక్కనున్న గాటును టేపుతో మూసేస్తేనే రక్షణ.

తర్వాత లోహపు తలుపును వేలితో జరిపి, వెనకవైపు మధ్యనున్న లోహపు బిళ్లను మెల్లగా తిప్పుతూ లోపలి డిస్కును రెండు వైపులా వెలుగులో చూడండి. పలుచని పాలియెస్టర్ పొర మీద ఐరన్ ఆక్సైడ్ పూత అది. నున్నగా, ముదురు గోధుమ రంగులోనో నల్లగానో, ఒకే తీరుగా మెరవాలి. తెల్లటి చుక్కలు, సాలెగూడు లాంటి మచ్చలు కనిపిస్తే బూజు. కోస్తా ఊళ్లలో, వానాకాలం తేమ పట్టిన గదుల్లో ఉన్న ఫ్లాపీల్లో ఇది మామూలే. డిస్కు చుట్టూ వలయాకారంలో గీతలుండి, అక్కడ పూత లేచిపోయి పొర పారదర్శకంగా కనిపిస్తే ఆ ట్రాకుల (డేటా రాసి ఉండే వలయాల) సంగతి ముగిసినట్టే. మిగతావి ఇంకా రావచ్చు.

బూజున్న ఫ్లాపీని అలాగే డ్రైవులో పెట్టకండి. డిస్కు నిమిషానికి 300 సార్లు తిరుగుతుంది, చదివే హెడ్ దాన్ని తాకుతూనే ఉంటుంది. బూజు ముక్క హెడ్‌కు అంటుకుని పూతను గీరేస్తుంది. ఆ తర్వాత పెట్టిన మంచి ఫ్లాపీని కూడా అదే హెడ్ గీరుతుంది. ఒక్క చెడ్డ ఫ్లాపీ పెట్టెడు ఫ్లాపీలను పాడుచేసేది ఇలాగే.

శుభ్రం చేయడానికి 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పీచు రాలని స్వాబ్‌లు, చేతి తొడుగులు, ముక్కుకు మాస్కు కావాలి. మందుల షాపులో దొరికే 70 శాతం రకంలో నీళ్లు ఎక్కువ, అది వద్దు. తలుపు తెరిచి పట్టుకుని, స్వాబ్‌ను ఆల్కహాల్‌లో ముంచి, కారకుండా పిండి, ట్రాకుల దిశలోనే అతి తేలిగ్గా తుడవండి. బిళ్లను కొద్దికొద్దిగా తిప్పుతూ చుట్టూ పూర్తి చేసి, రెండోవైపు కొత్త స్వాబ్ వాడండి. స్వాబ్‌కు తెలుపో బూడిద రంగో అంటితే అది బూజు, వదులుతోందన్నమాట. గోధుమ రంగు అంటితే పూతే లేచొస్తోంది. వెంటనే ఆపేసి, ఆ ఫ్లాపీని అన్నిటికన్నా చివరికి పెట్టుకోండి. పూర్తిగా ఆరాకే డ్రైవులోకి వెళ్లాలి.

బూజు ఎక్కువగా ఉంటే లోపలి మెత్తటి గుడ్డపొరలో కూడా ఉంటుంది, తుడిచినా మళ్లీ అంటుతుంది. అప్పుడు డిస్కును కొత్త గూటిలోకి మార్చాలి. పనికిరాని మరో ఫ్లాపీ తీసుకుని, లోహపు తలుపును తీసేసి (చిన్న స్ప్రింగు ఎగిరిపోతుంది, గుడ్డ పరిచిన బల్ల మీద చేయండి), పలుచని ప్లాస్టిక్ కార్డుతో అంచుల వెంట మెల్లగా విడదీయండి. నాలుగు మూలల దగ్గర అతుకులు చిన్న చప్పుడుతో ఊడతాయి. పాత డిస్కును కూడా అలాగే బయటికి తీసి, బిళ్లను మాత్రమే పట్టుకుని, బిళ్ల వెనకవైపుకే ఉండేలా అమర్చి మూయండి. ఇక్కడ అందరూ మర్చిపోయేది ఒకటుంది. 1.44 ఎంబీ ఫ్లాపీకి రెండు మూలల్లో రెండు కన్నాలుంటాయి, 720 కేబీ ఫ్లాపీకి ఒక్కటే. గూడు కూడా అదే రకం కాకపోతే డ్రైవు డిస్కును వేరే సాంద్రతలో చదవబోతుంది, ఏమీ రాదు.

బూజు లేకపోయినా ఇంకో రెండు చూసుకోండి. లేబుల్ జిగురు ఎండి అంచు లేచి ఉంటే డ్రైవులో చిక్కుకుంటుంది. ముందు ఫొటో తీసి, ఆ తర్వాత లేబుల్‌ను జాగ్రత్తగా ఊడదీసి దాచండి. లోహపు తలుపు వంగి ఉంటే దాన్ని పూర్తిగా తీసేయండి. వంగిన తలుపు లోపల ఇరుక్కుంటే, ఫ్లాపీ బయటికి లాగేటప్పుడు పైహెడ్‌ను పీకేస్తుంది. తలుపు లేకుండా కూడా డిస్కు చక్కగా చదవబడుతుంది.

ఏ డ్రైవు

ఇప్పటి ల్యాప్‌టాప్‌కు సులువైనది యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవు. 1.44 ఎంబీవీ, చాలావరకు 720 కేబీవీ చదువుతుంది. మంచి స్థితిలో ఉన్న డిస్కులకు ఇది చాలు. కానీ దానికి తెలిసిన ఫార్మాట్లు ఆ రెండు మూడే. మైక్రోసాఫ్ట్ తన సాఫ్ట్‌వేర్ అమ్మడానికి వాడిన 1.68 ఎంబీ డిస్కులు (ట్రాకుకు 18 సెక్టార్ల బదులు 21) దీనితో మొరాయిస్తాయి. చెడిన సెక్టార్ దగ్గర ఏం జరిగిందో కూడా చెప్పదు. కొన్నిసార్లు ప్రయత్నించి ‘రాలేదు’ అంటుంది, అంతే.

పదుల కొద్దీ ఫ్లాపీలుంటే, లేదా అందులో ఉన్నది మళ్లీ దొరకనిదైతే, పాత డెస్క్‌టాప్ కంప్యూటర్‌లోని అసలైన ఫ్లాపీ డ్రైవు, గ్రీస్‌వీజిల్ అనే చిన్న బోర్డు తీసుకోవడం మంచిది. కెయిర్ ఫ్రేజర్ రూపొందించిన ఈ ఓపెన్ సోర్స్ బోర్డు డ్రైవుకూ యూఎస్‌బీకీ మధ్య ఉంటుంది. ఇది సెక్టార్లను కాదు, డిస్కు మీది అయస్కాంత మార్పుల మధ్య కాలాన్నే నేరుగా రికార్డు చేస్తుంది. దాన్నుంచి సెక్టార్లు తీయడం తర్వాత తీరిగ్గా, ఎన్నిసార్లైనా చేసుకోవచ్చు. డిస్కును మళ్లీ తాకనక్కర్లేదు.

డ్రైవుల్లో టీయాక్ ఎఫ్‌డీ-235హెచ్‌ఎఫ్, సోనీ ఎంపీఎఫ్920, పానాసోనిక్ జేయూ-257 నమ్మదగినవి. సికింద్రాబాద్ పార్క్‌లేన్ దగ్గరి చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట పాత కంప్యూటర్లు విప్పేవాళ్లను అడిగితే దొరికే వీలుంది. ఒకటి కాదు, వీలైతే వేర్వేరు కంపెనీలవి రెండు మూడు తీసుకోండి. కారణం కింద చెబుతాను.

తీగలు కలిపేటప్పుడు 34 పిన్నుల రిబ్బన్ కేబుల్‌లో ఎర్రగీత వైపు ఒకటో పిన్ను. తిరగేసి గుచ్చితే డ్రైవు దీపం ఆరకుండా వెలుగుతూనే ఉంటుంది. అది కనిపించగానే తీసేసి సరిచేయండి, మామూలుగా డ్రైవు చెడదు. కానీ ఆ స్థితిలో ఫ్లాపీ పెట్టవద్దు, ట్రాకు చెరిగిపోవచ్చు. మధ్యలో మెలిక ఉన్న కేబుల్‌లో మెలిక తర్వాతి కనెక్టర్‌కు పెడితే అది ‘ఏ’ డ్రైవు, మెలిక లేనిదైతే ‘బీ’. బోర్డు డ్రైవును కనుక్కోలేకపోతే సాధారణంగా ఇదే కారణం. 3.5 అంగుళాల డ్రైవుకు 5 వోల్టులు చాలు, 5.25 అంగుళాల దానికి 12 వోల్టులు కూడా కావాలి.

కొత్తగా తెచ్చిన డ్రైవును ముందు శుభ్రం చేయండి. కింది హెడ్ స్థిరంగా ఉంటుంది, పైది స్ప్రింగు చేతి మీద ఉంటుంది. ఆ చేతిని రెండు మూడు మిల్లీమీటర్ల కన్నా పైకెత్తకండి. ఎక్కువ ఎత్తితే హెడ్ అమరిక చెడుతుంది, దాన్ని ఇంట్లో సరిచేయలేం. ఆల్కహాల్ స్వాబ్‌తో రెండు హెడ్లనూ తుడిచి, ముందు ఏం పోయినా ఫర్వాలేని ఒక ఫ్లాపీతో పరీక్షించి, అది బయటికి వచ్చాక దాని మీద కొత్త గీత పడిందేమో చూడండి. ముఖ్యమైన డిస్కు ఆ తర్వాతే.

మొత్తం డిస్కును ఒక ఫైలుగా తీయండి

ఫ్లాపీని తెరిచి ఫైళ్లను ఒక్కొక్కటీ లాగి కాపీ చేయడం తప్పు పద్ధతి. చెడిన సెక్టార్ తగిలితే విండోస్ ఆ ఫైలును మొత్తంగా వదిలేస్తుంది, పదే పదే ప్రయత్నిస్తూ హెడ్‌ను అక్కడే రుద్దుతుంది. చెరిపేసిన ఫైళ్లు అసలు రావు. ‘ఈ డిస్కును ఫార్మాట్ చేయాలా’ అని అడిగితే ఒక్క వేలు జారితే చాలు. అందుకే మొదటి సెక్టార్ నుంచి చివరి సెక్టార్ దాకా ఉన్నదున్నట్టు ఒక ఇమేజ్ ఫైలు తీసి, మిగతా పనంతా దాని కాపీ మీదే చేయాలి.

యూఎస్‌బీ డ్రైవుతో అయితే పెన్‌డ్రైవ్ నుంచి లైవ్ లినక్స్ (ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచేది) పెట్టి, గ్నూ డీడీరెస్క్యూ అనే ప్రోగ్రామ్ వాడండి. ఇది పని జాబితాను ఒక మ్యాప్ ఫైలులో రాసుకుంటుంది. మొదటి విడతలో గీకుడు (చెడిన చోట సెక్టార్ సెక్టార్‌గా తీయడం) లేకుండా తేలిగ్గా వచ్చేవన్నీ తీయమనండి. రెండో విడతలో డైరెక్ట్ యాక్సెస్ పెట్టి, మిగిలిన వాటికి మూడుసార్లు తిరిగి ప్రయత్నించమనండి. ఈ క్రమం ముఖ్యం: బలహీనమైన డిస్కు ఏ క్షణంలో పూర్తిగా పోతుందో తెలియదు కాబట్టి మంచి సెక్టార్లు ముందే చేతికి రావాలి. ఆదేశంలో ఫ్లాపీ పేరు ముందు, ఇమేజ్ ఫైలు పేరు తర్వాత. తారుమారు చేశారా, రాయడం ఫ్లాపీ మీదకు పోతుంది. కన్నం తెరిచి పెట్టమన్నది ఇందుకు కూడా. విండోస్ మీదే చేయాలంటే విన్‌ఇమేజ్‌లో డిస్క్ మెనూ నుంచి చదవవచ్చు, కానీ చెడ్డ డిస్కుల దగ్గర దానికి ఓపిక తక్కువ.

గ్రీస్‌వీజిల్‌తో అయితే ట్రాకుకు ఐదు చుట్ల చొప్పున ఎస్‌సీపీ ఫైలుగా (ఆ అయస్కాంత మార్పుల రికార్డుగా) తీయండి. 160 ట్రాకులు, ఒక్కోదానికి ఒక సెకను, కాబట్టి డిస్కుకు మూడు నిమిషాలు. దాన్నుంచి ఐబీఎం 1440 ఫార్మాట్ ఎంచుకుని ఇమేజ్‌గా మార్చుకోవాలి. ఎస్‌సీపీ ఫైలును పారేయకండి, అసలు రికార్డు అదే.

పూర్తయిన ఇమేజ్ సైజు సరిగ్గా 14,74,560 బైట్లుండాలి. 80 సిలిండర్లు (రెండు వైపులా ఎదురెదురుగా ఉన్న ట్రాకుల జతలు), 2 వైపులు, 18 సెక్టార్లు, 512 బైట్లు గుణిస్తే అంతే. 720 కేబీ డిస్కుకు 7,37,280. ఒక్క బైటు తక్కువున్నా ఏదో తప్పిపోయింది.

ప్రతి ఇమేజ్‌కూ షా-256 చెక్‌సమ్ (ఫైలులోని బైట్లన్నిటి నుంచి లెక్కగట్టే, వేలిముద్ర లాంటి సంఖ్య) తీసి రాసుకోండి. అది భద్రతకే కాదు, ఒక పాత జబ్బును పట్టుకోవడానికి కూడా. ఫ్లాపీ మారిందని డ్రైవు చెప్పే సిగ్నల్ చెడిపోతే కంప్యూటర్ మెమరీలో మిగిలిన పాత డిస్కు జాబితానే మళ్లీ చూపిస్తుంది. ‘3/7’, ‘4/7’ రెండింటి చెక్‌సమ్‌లు ఒకటే అయితే నాలుగోదాన్ని మీరు అసలు చదవలేదన్నమాట. డ్రైవును యూఎస్‌బీ నుంచి తీసి, మళ్లీ పెట్టి చదవండి.

పని జరుగుతుండగా చెవులు తెరిచి ఉంచండి. టక్ టక్ మని సమంగా అడుగులు పడుతుంటే అంతా బాగున్నట్టు. అదే చోట కరకరా తిరిగి తిరిగి వస్తుంటే చెడిన సెక్టార్. సన్నగా కీచుమంటే హెడ్‌కు పూత అంటుకుంటోంది. వెంటనే ఆపి, ఫ్లాపీ తీసి, హెడ్లు తుడవండి.

సెక్టార్లు రాకపోతే

మ్యాప్ ఫైలులో రాని చోట్ల బైటు స్థానాలుంటాయి. 512తో భాగిస్తే సెక్టార్ సంఖ్య. ఆ సంఖ్యల తీరు చూస్తేనే జబ్బేమిటో సగం తెలిసిపోతుంది. ఇమేజ్‌లో 0 నుంచి 17 దాకా ఒకవైపు, 18 నుంచి 35 దాకా రెండోవైపు, మళ్లీ 36 నుంచి మొదటివైపు, ఇలా నడుస్తుంది. ఒక పద్దెనిమిది వచ్చి, మరో పద్దెనిమిది పోయి, డిస్కు పొడుగునా అదే వరస అయితే తప్పు ఫ్లాపీది కాకపోవచ్చు, ఒక హెడ్ మురికిపట్టి ఉంటుంది. ప్రతి 36 సెక్టార్లకు ఒకసారి ఒకే చోట రెండు మూడు పోతుంటే మధ్య నుంచి అంచుకు సాగిన మచ్చో గీతో. మొదట్లో బాగుండి, సంఖ్య పెరిగే కొద్దీ తప్పులు పెరుగుతుంటే హెడ్ వరస కలవడం లేదు, లేదా పూత బలహీనపడింది. లోపలి ట్రాకుల చుట్టుకొలత చిన్నది, అంత చోటులోనే అన్ని బిట్లూ ఇరుక్కుని ఉంటాయి కాబట్టి ముందు పోయేవి అవే.

హెడ్ వరస సంగతికే రెండు మూడు డ్రైవులు కావాలన్నది. ఆ రోజు రాసిన డ్రైవు హెడ్ కాస్త పక్కకు జరిగి ఉంటే దాని రాత కూడా పక్కకే పడింది. మీ డ్రైవు సరిగ్గా ఉన్నందువల్లే చదవలేకపోతుంది. మరో డ్రైవు, దాని వరస అటువైపు కాస్త జరిగి ఉంటే, హాయిగా చదువుతుంది. డీడీరెస్క్యూకు అదే ఇమేజ్, అదే మ్యాప్ ఫైలు ఇచ్చి రెండో డ్రైవులో నడిపితే మిగిలిన సెక్టార్లను మాత్రమే ప్రయత్నించి పూరిస్తుంది. మూడో డ్రైవు కూడా అయ్యాక మిగిలేది చాలా తక్కువ.

సిలిండర్ సున్నా పోవడం అన్నిటికన్నా చెడ్డది, కానీ ఆశ వదులుకోనక్కర్లేదు. 1.44 ఎంబీ డిస్కులో బూట్ సెక్టార్ 0, ఫైళ్ల చోట్ల పట్టిక 1 నుంచి 9, దాని రెండో ప్రతి 10 నుంచి 18, ఫైళ్ల పేర్లు 19 నుంచి 32, అసలు డేటా 33 నుంచి. మొదటి పట్టిక పోయి రెండోది బాగుంటే, ఇమేజ్ కాపీని హెచ్‌ఎక్స్‌డీ లాంటి హెక్స్ ఎడిటర్‌లో (బైట్లను నేరుగా చూపి, దిద్దనిచ్చే ప్రోగ్రామ్) తెరిచి, 5120వ బైటు నుంచి 4608 బైట్లు తీసి 512వ బైటు దగ్గర పైన రాయండి. పోయింది బూట్ సెక్టార్ అయితే అదే రకపు మంచి ఫ్లాపీ ఇమేజ్ నుంచి మొదటి 512 బైట్లు అరువు తెచ్చుకోవచ్చు. పేర్ల జాబితానే పోతే ఫొటోరెక్‌తో ఫైళ్లను వాటి ఆనవాళ్లను బట్టి ఏరుకోవాలి.

ఇమేజ్ లోపలికి

మంచి ఇమేజ్‌ను సెవెన్‌జిప్ నేరుగా తెరుస్తుంది. లినక్స్‌లో రీడ్-ఓన్లీగా మౌంట్ చేయవచ్చు. ఫైళ్లను బయటికి తీసేటప్పుడు ఒక్కో ఫ్లాపీకి ఒక్కో ఫోల్డర్ పెట్టడం తప్పనిసరి. కారణం ఉంది. ఒక ఫ్లాపీలో పట్టని పుస్తకాన్ని పీకేజిప్, ఏఆర్‌జే లాంటి ఫైళ్లు కుదించే ప్రోగ్రాములతో ముక్కలు చేసి ఎక్కించేవారు. ఏఆర్‌జే ముక్కలకు వేర్వేరు పొడిగింపులుంటాయి, ఇబ్బంది లేదు. పీకేజిప్ ముక్కలకు అన్ని ఫ్లాపీల్లోనూ ఒకటే పేరు. ఏడింటినీ ఒకే ఫోల్డర్‌లోకి కాపీ చేస్తే ఒకదాని మీద ఒకటి పడి చివరిది మాత్రమే మిగులుతుంది. ఇలాంటి సెట్‌ను గుర్తించడానికి డిస్కు పేరు చూడండి, ‘పీకేబ్యాక్’ అని ఉండి పక్కన వరస సంఖ్య ఉంటుంది. జిప్ పట్టిక చివరి ఫ్లాపీలో ఉంటుంది కాబట్టి చివరి డిస్కు బతికి ఉండటం చాలా ముఖ్యం. విప్పడానికి డాస్‌బాక్స్‌లో (పాత డాస్ ప్రోగ్రాములు నడిపే సాఫ్ట్‌వేర్) ఆనాటి ప్రోగ్రామే వాడితే పేచీ ఉండదు.

ఆ కాలపు ఫ్లాపీల్లో బూట్ సెక్టార్ వైరస్‌లు, వర్డ్ మాక్రో వైరస్‌లు తరచుగా ఉంటాయి. ఇమేజ్ తీయడం వల్ల అవి అంటవు. పాత కంప్యూటర్‌ను ఫ్లాపీ లోపల ఉంచి ఆన్ చేయకండి, బయటికి తీసిన ఫోల్డర్‌ను యాంటీవైరస్‌తో వెతికించండి, చాలు.

బైట్ల నుంచి తెలుగులోకి

తెలుగుకు యూనికోడ్‌లో 1991లోనే చోటున్నా, మామూలు కంప్యూటర్‌లో అది కనపడింది 2001లో విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంటుతో వచ్చాకే. డీటీపీ వాళ్లు ఆ తర్వాత కూడా చాలాకాలం పాత ఫాంట్లతోనే నడిపారు. కాబట్టి ఆ ఫ్లాపీలోది ముందు ఏ తరహానో తేల్చుకోవాలి.

డీటీపీ సెంటర్ నుంచి వచ్చినదైతే ‘అను’ ఫాంట్లు గానీ ‘శ్రీలిపి’ ఫాంట్లు గానీ కావడానికే ఎక్కువ అవకాశం. వీటిలో అక్షరానికి ఒక సంకేతం ఉండదు. ఇంగ్లిషు అక్షరాల, గుర్తుల స్థానాల్లో తెలుగు అక్షరాల ముక్కలు (తలకట్టు, గుడి, వత్తు విడివిడిగా) కూర్చి ఉంటాయి. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ వారి జిస్ట్ కార్డుతోనో లీప్ సాఫ్ట్‌వేర్‌తోనో చేసినదైతే ఇస్కీ అనే భారతీయ భాషల సంకేతపద్ధతి కావచ్చు. 1991లో ప్రమాణమైన ఇస్కీలో అక్షరానికి ఒక సంకేతం ఉంటుంది, మార్చడం తేలిక. ఐసీయూ అనే యూనికోడ్ లైబ్రరీతో వచ్చే యూకాన్వ్ అనే మార్పిడి ప్రోగ్రామ్‌కు ఇస్కీ వెర్షన్ 6 అని చెబితే అదే తెలుగు. అమెరికా తెలుగువారి దగ్గర్నుంచి వచ్చిన ఫ్లాపీలో ఇంగ్లిషు లిపిలోనే చదవదగ్గ తెలుగు ఉండి, పదాల మధ్యలో పెద్దక్షరాలు కనిపిస్తే అది ఆర్‌టీఎస్, రైస్ యూనివర్సిటీలోని తెలుగువాళ్ల నుంచి వచ్చిన పద్ధతి. దాన్ని లేఖిని అనే వెబ్‌సైట్‌లో అతికిస్తే తెలుగైపోతుంది. పెద్దా చిన్నా అక్షరాల తేడా చెడకూడదు, అంతే.

చిక్కంతా అను, శ్రీలిపి ఫైళ్లతోనే. పేజ్‌మేకర్ ఫైలు ఏ వెర్షనో పొడిగింపు చెబుతుంది: పీఎం5, పీఎం6, 6.5కు పీ65, 7కు పీఎండీ. వర్చువల్‌బాక్స్‌లో (కంప్యూటర్ లోపలే మరో కంప్యూటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) విండోస్ ఎక్స్‌పీ పెట్టి, పేజ్‌మేకర్ 7లో తెరవడం అన్నిటికన్నా మేలు. అది లేకపోతే ఇన్‌డిజైన్‌లో సీఎస్6 దాకా వెర్షన్లు పేజ్‌మేకర్ 6.0 నుంచి 7 వరకు ఫైళ్లను తెరుస్తాయి, తర్వాతి వెర్షన్లు తెరవవు. లిబ్రేఆఫీస్ కూడా పేజ్‌మేకర్ ఫైళ్లను దిగుమతి చేసుకోగలదు. పేజీ అమరిక చెదిరినా అక్షరాలు చాలావరకు దక్కుతాయి.

తెరిచేటప్పుడు పేజ్‌మేకర్ ‘ఈ ఫాంట్లు లేవు, బదులు ఇవి పెడుతున్నా’ అని జాబితా చూపిస్తుంది. ఆ పేర్లు రాసుకుని, సేవ్ చేయకుండా మూసేసి, ఆ ఫాంట్లే తెచ్చి పెట్టండి. ఫ్లాపీల కట్టలో ‘ఫాంట్స్’ అని రాసిన ఒకటి ఉండే అవకాశముంది, దాన్ని ముందే వెతకండి. అక్షరాలు సరిగ్గా కనపడ్డాక మొదట చేయాల్సింది ఫాంట్లు ఇమిడ్చిన పీడీఎఫ్ తీయడం. ఆనాటి పేజీ ఎలా ఉందో చెప్పే సాక్ష్యం అదే, తర్వాత ప్రూఫు చూసుకోవడానికీ అదే ఆధారం.

ఆ తర్వాత టెక్స్ట్ టూల్‌తో అధ్యాయంలో ఎక్కడైనా నొక్కి, మొత్తం ఎంచుకుని, ఫైల్ మెనూలో ఎక్స్‌పోర్ట్‌తో ఆర్‌టీఎఫ్‌గా తీయండి. ఒక్కో కథనం విడిగా ఉంటుంది, ఫుట్‌నోట్లూ బాక్సులూ వేరే తీయాలి. ఈ ఫైలును వర్డ్‌లో తెరిచి ఏదైనా దిద్దాలనిపిస్తే ఆగండి. వర్డ్ నిటారు కొటేషన్ గుర్తును వంకర గుర్తుగా మార్చేస్తుంది, వాక్యం మొదటి అక్షరాన్ని పెద్దక్షరం చేస్తుంది. ఇంగ్లిషుకు అది ముస్తాబు. ఇక్కడ ఆ గుర్తే ఒక గుణింతపు ముక్క, ఆ చిన్నక్షరమే ఒక హల్లు. రెండూ వేరే తెలుగు ముక్కలైపోతాయి, ఎక్కడ మారాయో తర్వాత కనిపెట్టలేం. ఆటోకరెక్ట్ అంతా ఆపేశాకే తెరవండి. నోట్‌ప్యాడ్ లాంటివి సంకేతపద్ధతి అడిగితే విండోస్-1252, అంటే పశ్చిమ యూరప్ అని చెప్పండి. పాత ఫాంటు పాఠాన్ని వెబ్ పేజీలో అతికిస్తే యూనికోడ్‌గా మార్చే కన్వర్టర్లతో ఇంకో ప్రమాదం ఉంది. విడిపోని ఖాళీ, మెత్తటి హైఫన్ అనే రెండు గుర్తుల్ని బ్రౌజర్లు మింగేయడమో మార్చేయడమో జరగవచ్చు. మీ ఫాంటులో ఆ స్థానాల్లో అక్షరముక్క ఉంటే అది మొత్తం పుస్తకంలో మాయమవుతుంది. ముందు ఒక పేరా మార్చి, పీడీఎఫ్‌తో అక్షరం అక్షరం సరిపోల్చాకే మిగతాది.

కన్వర్టర్‌లో ఫాంటు వెర్షన్ సరిగ్గా ఎంచుకోవాలి. అను 6, అను 7 ఒకటే అనుకోవద్దు. మార్పిడి అయ్యాక ఈ చోట్ల తప్పకుండా వెతకండి. ‘ప్ర’, ‘క్ర’ లాంటివి: పాత ఫాంట్లలో అక్షరానికి ఎడమ పక్కన చుట్టే క్రారవడి ముందే టైపవుతుంది కాబట్టి, కన్వర్టర్ సరిచేయకపోతే అది ముందున్న అక్షరానికి అంటుకుంటుంది. ఐత్వం: ఎత్వమూ కింది గుర్తూ రెండు ముక్కలుగా మిగిలిపోతే చూపుకు బాగానే ఉన్నా వెతుకులాటలో దొరకదు, ఎన్‌ఎఫ్‌సీ నార్మలైజేషన్ (విడి సంకేతాలను ఒకటిగా కలిపే యూనికోడ్ పద్ధతి) చేస్తే కలిసిపోతుంది. ‘ఘ’, ‘ఝ’, ‘మ’, ‘య’: రెండు మూడు ముక్కల కూర్పు కావడం వల్ల కొమ్ము ఉన్నదీ లేనిదీ తారుమారవుతుంది. ఇంకొకటి, ఇంగ్లిషు మాటల్లోని పొల్లు. పాత ఫైలులో ‘సాఫ్ట్‌వేర్’ అని పొల్లుతో చక్కగా కనిపించినది, యూనికోడ్‌లోకి వచ్చాక ‘సాఫ్ట్వేర్’ అని వత్తుగా మారిపోతుంది. ట్ తర్వాత కనపడని విడదీత గుర్తు పెడితేనే పాత రూపం వస్తుంది. పేర్లూ ఊర్లూ ఉన్న పుస్తకంలో ఇవి వందల్లో ఉంటాయి, కాబట్టి జాబితా వేసుకుని ఒకేసారి మార్చుకోండి.

ఒక సెక్టార్ పోయిన పేజ్‌మేకర్ ఫైలు తెరుచుకోకపోతే హెక్స్ ఎడిటర్‌లో చూడండి. కథనపు బైట్లు కుదించకుండా మామూలుగానే ఉంటాయి కాబట్టి పొడవాటి వరసలుగా కనిపిస్తాయి. వాటిని కోసి కొత్త ఫైలులో పెట్టి కన్వర్టర్‌కు ఇస్తే, పోయిన 512 బైట్లు తప్ప మిగతా అధ్యాయం చేతికొస్తుంది. ఆ ఖాళీని మీ ఊహతో పూరించకండి. ‘ఇక్కడ కొంత భాగం దొరకలేదు’ అని కుండలీకరణాల్లో రాసి వదిలేయండి.

దాచేటప్పుడు

ప్రతి ఫ్లాపీకీ ఒక ఫోల్డర్: లేబుల్ ఫొటో, ఇమేజ్, మ్యాప్ లేదా ఎస్‌సీపీ ఫైలు, చెక్‌సమ్, బయటికి తీసిన ఫైళ్లు, ఫాంట్లు, పీడీఎఫ్, యూనికోడ్ పాఠం. యూనికోడ్ చేశాం కదా అని పాత ఫైళ్లు తీసేయవద్దు. కన్వర్టర్లలో తప్పులు ఏళ్ల తర్వాత బయటపడతాయి, అప్పుడు మళ్లీ మొదటి బైట్ల దగ్గరికే వెళ్లాలి. రెండు వేర్వేరు హార్డ్‌డిస్కుల్లో, రెండు వేర్వేరు ఇళ్లలో ఉంచండి. ఫ్లాపీలను మాత్రం నిలువుగా, సిలికా జెల్ పొట్లాలతో బిగుతైన డబ్బాలో, స్పీకర్లకూ మోటార్లకూ దూరంగా పెట్టండి.

అదే పెట్టెలో ఐయొమెగా జిప్ డిస్కులు దొరికితే వాటికి వేరే జాగ్రత్త. డ్రైవు టిక్ టిక్ మని ఆగకుండా కొట్టుకుంటుంటే వెంటనే ఆపండి. హెడ్ చెడిన జిప్ డ్రైవు డిస్కు అంచును చింపుతుంది, అంచు చిరిగిన ఆ డిస్కు మరో మంచి డ్రైవు హెడ్‌ను పాడుచేస్తుంది. తలుపు తెరిచి అంచు నున్నగా ఉందో లేదో చూశాకే, ఏ డిస్కునైనా రెండో డ్రైవులో పెట్టండి.